సీ స్క్విర్ట్ లోపల బతికే కోపిపాడ్లు - కొత్త జాతులు మ్యూజియం సీసాల్లోనే దొరికాయట, మన దగ్గర ఎవరైనా చూశారా?

తార్నాక_శ్రీను
అందరికీ నమస్తే. నేను ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్నా, సెమినార్‌కి కోపిపాడ్లు, అంటే నీళ్లలో ఉండే రొయ్యల బంధువులైన అతి చిన్న జీవులు, టాపిక్ తీసుకున్నా. చెరువు నీళ్లలో సైక్లాప్స్, సముద్రంలో ప్లాంక్టన్ అని నాలుగు స్లైడ్లు చేసి ఇచ్చేద్దాం అనుకున్నా కానీ చదువుతుంటే ఒక విషయం దగ్గర ఆగిపోయా, అప్పట్నుంచి వేరే దాని మీదకి మనసు పోవట్లేదు.

సీ స్క్విర్ట్లు అంటే సముద్రంలో రాళ్లకీ పెంకులకీ అతుక్కుని బతికే సంచి లాంటి జంతువులు. వాటి లోపల బతికే కోపిపాడ్ ఫ్యామిలీ ఒకటుంది, నోటోడెల్ఫిడే. దీని మీద 2020లో కొరియా శాస్త్రవేత్త ఇల్‌హోయ్ కిమ్, లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం జెఫ్రీ బాక్స్‌షాల్ కలిసి పెద్ద మోనోగ్రాఫ్ వేశారు. ఒక్కసారే వందకు పైగా కొత్త జాతులు. అవి చాలావరకు ఎక్కడ దొరికాయో చూస్తే ఆశ్చర్యమేసింది, పారిస్ మ్యూజియంలో. ఆ మ్యూజియం శాస్త్రవేత్తలు క్లోడ్ మోనియో, ఫ్రాన్సువాజ్ మోనియో ఇద్దరూ దశాబ్దాల పాటు ప్రపంచం నలుమూలల నుంచి సీ స్క్విర్ట్లు సేకరించి భద్రం చేశారు కదా, వాటిని కోస్తూ ఉంటే లోపల ఈ కోపిపాడ్లు. అంటే సీ స్క్విర్ట్ కోసం సీసాలో పెట్టారు, దాని లోపలున్నది కూడా దాంతో పాటే అన్నేళ్లు అక్కడే ఉండిపోయింది.

నా డౌట్లు ఏంటంటే, అసలు ఇది లోపలికి ఎలా పోతుంది, పోయి ఏం తింటుంది, దీన్ని పరాన్నజీవి అనొచ్చా? ఇంకోటి, మన కాలేజీల్లో హెర్డ్మానియా అనే సీ స్క్విర్ట్ స్పెసిమెన్ లేని జువాలజీ ల్యాబ్ ఉండదు. దాంట్లో ఎవరైనా ఎప్పుడైనా చూశారా?

కోఠి_జువాలజీ_మేడమ్
శ్రీనూ, మంచి దాన్ని పట్టుకున్నావ్ నాన్నా. ముందు ఇల్లు ఎలా ఉంటుందో చెప్తాను, అది తెలీకపోతే లోపలున్నవాళ్ల సంగతి అర్థం కాదు.

హెర్డ్మానియా మనవాళ్లందరికీ డిగ్రీలో పరిచయమే, శంఖం పెంకు మీదో రాయి మీదో అతుక్కుని ఉంటుంది, పైన రెండు గొట్టాలు. ఒక గొట్టంలోంచి నీళ్లు లోపలికి, రెండో దాంట్లోంచి బయటికి. లోపల గ్రసని, అంటే గొంతు సంచి, ఉంటుంది చూడు, దాని గోడ నిండా చిన్న చిన్న చీలికలు, అచ్చం జల్లెడే. ఎండోస్టైల్ అనే గాడి నుంచి జిగురు ఊరుతూ ఆ గోడ మీద పల్చగా పరుచుకుంటుంది, నీళ్లలో వచ్చిన శైవలాలు, బాక్టీరియా దాంట్లో చిక్కుతాయి, ఆ జిగురంతా తాడులా పేనుకుని అన్నవాహికలోకి పోతుంది. పగలూ రాత్రీ ఇదే పని. అంటే కోపిపాడ్ వైపు నుంచి చూస్తే పెద్ద చేపలు రాలేని చోటు, ఎప్పుడూ కొత్త నీళ్లు, ఆక్సిజన్‌కి లోటు లేదు, తిండి ఎదురుగా కదులుతూ పోతుంటుంది.

ఇక లోపలికి పోవడం. గుడ్డులోంచి నాప్లియస్ అనే డింభకం, అంటే పిల్ల దశ, వస్తుంది, అది బయట నీళ్లలో ఈదుతుంది. ఈ ఫ్యామిలీలో చాలావాటికి నాప్లియస్ దశలో తిండి అక్కర్లేదు, గుడ్డులోంచి తెచ్చుకున్న సొనతోనే గడిపేస్తుంది. అలా ఒకదాని తర్వాత ఒకటిగా కొన్ని మార్లు చర్మం వదిలాక కోపిపోడిడ్ అనే దశ. ఇదే అతిథేయిని, అంటే తను ఉండబోయే జీవిని, వెతుక్కునే దశ, నీటితో పాటు పై గొట్టంలోంచి లోపలికి పోతుంది. ఆడదానికి రెండో జత స్పర్శశృంగాల (మీసాల) చివర కొక్కెం ఉంటుంది, దాంతో లోపలి గోడని పట్టుకుంటుంది. పట్టుకోకపోతే ఆ ప్రవాహానికి నిలవలేదు.

ఆడదాని వీపు చూస్తే అసలు మర్చిపోలేవు. మామూలు సైక్లాప్స్‌కి రెండు గుడ్ల సంచులు తోక దగ్గర వేలాడుతుంటాయి కదా, వీటికి అలా కాదు, వీపులోనే పెద్ద సంచి, గుడ్లన్నీ అందులో. ఐర్లండ్ ప్రకృతి శాస్త్రజ్ఞుడు ఆల్మన్ 1847లో మొదట వర్ణించిన జాతి నోటోడెల్ఫిస్ అసిడికోలా ఇలాంటిదే.

పరాన్నజీవా కాదా అన్నది పెద్ద చర్చ, సాయంత్రం రాస్తాను.

వైజాగ్_సూరి
మేడమ్ గారూ అద్భుతంగా చెప్పారు. నాది వైజాగ్, ఇప్పుడు ఉద్యోగం గచ్చిబౌలిలో, కానీ నెలకోసారి ఇంటికి పోతా, పోతే రాళ్ల మీదకి పోకుండా ఉండను. మా దగ్గర హార్బర్ వైపు నీళ్లలో తేలే బోయాల మీద, తాళ్ల మీద, పాత పడవల అడుగున సీ స్క్విర్ట్లు గుంపులు గుంపులుగా ఉంటాయి, నత్తగుల్లలూ ఆల్చిప్పలూ వాటితో కలిసిపోయి. చాలామంది చూసి నాచు అనుకుని పోతారు, జంతువని తెలీదు. వేలితో నొక్కితే నీళ్లు చిమ్ముతుంది.

బతికున్నదాన్ని సముద్రపు నీళ్లలో ఉంచి కోసి చూశా ఒకసారి, మా ఫ్రెండ్ దగ్గర స్టీరియో మైక్రోస్కోప్ ఉంటే. తోలు లాంటి పైపొర చీల్చాక లోపల పల్చటి సంచి, దాన్ని పరిచి కొంచెం నీళ్లు పోసి కదిలించకుండా వదిలేస్తే కాసేపటికి గోడ మీద ఏదో కదిలింది. పాక్కుంటూ పోతోంది, ఈదడం సరిగా రాదు. ఒళ్లు దాదాపు పారదర్శకం, నుదుటి దగ్గర ఎర్రటి చుక్క ఒక్కటే కన్ను, వీపు సంచిలో గుడ్లు ముద్దగా కనపడుతున్నాయి, పేగు సన్నగా ముడుచుకుంటూ సాగుతూ ఉంది. మిల్లీమీటర్ రెండు మిల్లీమీటర్లు ఉంటుందేమో. తెల్ల కాగితం మీద పెడితే కనపడలేదు, నల్లటి అడుగు పెట్టాక తేలింది. ఏ జాతో నాకు తెలీదు, కానీ అంత పని అంత చిన్న ఒంట్లో జరగడం చూశాక నాకు నిద్ర పట్టలేదు.

పాలమూరు_యాదగిరి
గిదంత సదువుతుంటె మా నాయనమ్మ ముచ్చట యాదికొచ్చింది. సీ స్క్విర్ట్ నాకు తెల్వది, మా దిక్కు సముద్రమెక్కడిది. కానీ కోపిపాడ్ అంటే మాకు తెల్సు, సైక్లాప్స్. మా నాయనమ్మ చిన్నగున్నప్పుడు దిగుడు బాయిల కాళ్లు వెట్టి నీళ్లు ముంచుకునేటోళ్లంట, గా నీళ్లు తాగి ఊర్ల మస్తుమందికి నారికురుపు లేసిందంట. కాలుకు బొబ్బ లేస్తది, అది పలిగి తెల్లగ దారం లెక్క పురుగు బయటికొస్తది, పుల్లకు జుట్టి రోజింత రోజింత గుంజాల్నంట, తెగితె ఇంక గోస. నాట్లు వేసే టైముల మనిషి మంచాన పడితె ఆ ఇల్లు ఎట్ల నడుస్తది.

గా పురుగు పిల్లలను మింగేది సైక్లాప్స్, సైక్లాప్స్‌ను నీళ్లతోటి మింగేది మనిషి. బిందె మూతికి గుడ్డ గట్టి వడవోసుకొని తాగున్రి అని సర్కారోళ్లు ఊరూరు తిరిగి చెప్పిన్రంట. 1996ల దేశంల ఆఖరి కేసు, 2000ల మన దేశంల నారికురుపు లేదని డబ్ల్యూహెచ్‌వో సర్టిఫికెట్ ఇచ్చింది. ఒక్క గుడ్డ ముక్కతోటి గంత పెద్ద పని అయ్యింది అంటె, గా చిన్న జీవి ఎట్ల బతుకుతది, ఎక్కడుంటది అని ఎవలో కూసొని సదివిన్రు కాబట్టే గదా. అందుకే శ్రీను తమ్మీ, నువ్వు సదువు, ఇడ్వకు.

తార్నాక_శ్రీను
యాదగిరన్నా ఇది నా సెమినార్లో తప్పకుండా పెడతా, థాంక్యూ అన్నా. కోపిపాడ్ దానంతటది పరాన్నజీవి, కోపిపాడ్‌లోనే ఇంకో పరాన్నజీవి, రెండూ ఒక దగ్గర చెప్పొచ్చు.

కైకలూరు_బాబు
మాది చేపల చెరువుల కుటుంబం, నేను హైదరాబాద్‌లో ఫీడ్ కంపెనీలో చేస్తున్నా. పరాన్నజీవి కోపిపాడ్ అంటే మా రైతుకి ఒళ్లు మండుతుంది. బొచ్చె మీద, శీలావతి మీద లెర్నియా పడితే చేప ఒంట్లోకి తల గుచ్చి లంగరు వేసినట్టు పట్టుకుంటుంది, బయటికి సన్నటి పుల్లలాగా వేలాడుతుంటుంది, దాని చివర రెండు గుడ్ల సంచులు. పీకితే తల లోపలే ఉండిపోతుంది. ఆ చోట ఎర్రగా పుండు పడి దాంట్లోకి ఫంగస్ చేరుతుంది, చేప మేత తినదు, మార్కెట్లో ఎవరూ కొనరు. ఇక్కడ మీరు చెప్పేది చూస్తే కోపిపాడ్ హాయిగా లోపల కూర్చుని అటు పోయే తిండిలో కొంత తింటోంది, సీ స్క్విర్ట్‌కి ఏమైనా నష్టం జరుగుతోందా? లేకపోతే దాన్ని పరాన్నజీవి అనడం న్యాయం కాదు కదండీ.

కోఠి_జువాలజీ_మేడమ్
బాబు గారు సరిగ్గా అడిగారు. నేను పొద్దున ఆపింది అక్కడే.

ఒకే మాట అన్నిటికీ సరిపోదండీ. నోటోడెల్ఫిడ్లలో చాలావరకు గ్రసనిలో కూర్చుని జిగురులో చిక్కిన తిండి తింటాయి, అతిథేయికి కనపడే నష్టం పెద్దగా లేదు, పుస్తకాల ప్రకారం సహభోజులు, అంటే నష్టం చేయకుండా పక్కన కూర్చుని తినేవి, అనొచ్చు. కానీ అదే తిండి అతిథేయి సంపాదించుకున్నది, సంఖ్య ఎక్కువైతే దాని వాటా తగ్గదా అని అడిగేవాళ్లున్నారు, అందుకే ఈ మధ్య చాలామంది ఏ పక్షమూ తీసుకోకుండా సహజీవులు అని రాస్తున్నారు. నా మటుకు నాకు అదే నిజాయితీగా అనిపిస్తుంది, తినే తిండి ఎవరిదో కొలవకుండా పరాన్నజీవి అని తీర్పు రాసేయడం తొందరపాటే.

ఇంకో మెట్టు పైన అసిడికోలా రోజియా ఉంది, స్వీడన్ శాస్త్రజ్ఞుడు థోరెల్ 1859లో పేరు పెట్టాడు. ఇది గ్రసనిలో ఆగదు, అన్నవాహికలోకి దిగి అక్కడే ఉంటుంది, అతిథేయి మింగుతున్న జిగురు తాడునే తింటుంది. నోటి దగ్గర ముద్దని లాక్కోవడమే ఇది.

అసలు చివరి మెట్టు గోనోఫిసెమా. 1960 ప్రాంతంలో డెన్మార్క్‌కి చెందిన బ్రెషియాని, లుట్సెన్ స్వీడన్‌లోని గుల్‌మార్ ఫ్యోర్డ్‌లో అసిడియెల్లా అనే సీ స్క్విర్ట్‌లో దీన్ని కనుక్కున్నారు. ఇది గ్రసని ఖాళీలో ఉండదు, అతిథేయి కణజాలంలోకే చొచ్చుకుపోతుంది. పెద్దయ్యాక ఆడదానికి కాళ్లు లేవు, నోరు లేదు, పేగు లేదు, ఖండితాలు లేవు, కోపిపాడ్ అని చెప్పడానికి పైకి ఒక్క గుర్తు కూడా మిగలదు. కొమ్మలు కొమ్మలుగా పెరిగిన ఒక మెత్తటి ముద్ద, చర్మం గుండానే పోషకాలు పీల్చుకుంటుంది. డింభకాన్ని చూస్తేనే ఇది కోపిపాడ్ అని తేలేది. మొదట దీన్ని ఉభయలింగి అనుకున్నారు, ఎందుకంటే ఒక్క ఒంట్లోనే అండాలు, శుక్రకణాలు రెండూ కనపడ్డాయి. తర్వాత డింభకాల్ని వెంటపడి చూస్తే తెలిసింది, మగ డింభకం ఆడదాని ఒంట్లోకి దూరి అక్కడ తన ఒళ్లంతా వదిలేసి శుక్రకణాలు తయారుచేసే కణజాలంగా మిగిలిపోతుంది. అంటే సీ స్క్విర్ట్ లోపల ఆడది, ఆడదాని లోపల మగది. పిల్లలకి ఈ పాఠం చెప్పినప్పుడు క్లాసులో శబ్దం ఉండదు, ఎన్నేళ్లు చెప్పినా నాకూ అంతే.

ఇంకొక్క మాట. సీ స్క్విర్ట్ మనకి పరాయిది కాదు, దాని డింభకానికి తోకలో పృష్ఠవంశం (నోటోకార్డ్, ఒంటికి ఆధారంగా ఉండే కడ్డీ) ఉంటుందని 1866లో కొవలెవ్‌స్కీ చూపించాడు, పెద్దయ్యాక అది పోతుంది, పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్న తిరోగమన రూపవిక్రియ అదే. 2006లో జన్యువులు పోల్చి చూసినప్పుడు వెన్నెముక జీవులకి బతికున్నవాటిలో అతి దగ్గరి బంధువులు ఈ ట్యూనికేట్లే, అంటే సీ స్క్విర్ట్లు ఉండే గుంపే, అని తేలింది. అంటే ఈ కోపిపాడ్లు మన దాయాదుల ఇంట్లో ఉంటున్నాయన్నమాట.

ఎల్బీనగర్_కిరణ్
నేను ఐటీ, జువాలజీ ఇంటర్ బైపీసీతో ఆగిపోయింది, కానీ ఈ థ్రెడ్ ఆఫీసు బస్సులో మొదలుపెట్టి స్టాప్ దాటిపోయేదాకా చదివా. ఒక ప్రశ్న అడుగుతా, తప్పుగా అనుకోవద్దు, నిజంగా తెలుసుకోవాలనే. కొరియాలో సీ స్క్విర్ట్లు తింటారు అని విన్నా, వాటికి ఈ కోపిపాడ్ల వల్ల రోగం వస్తుందా? రాకపోతే, నష్టం లేకపోతే, మిల్లీమీటర్ జీవికి పేరు పెట్టడానికి ఇంతమంది ఇన్నేళ్లు కూర్చోవడం వల్ల మనకి ఏం తెలుస్తుంది?

ల్యాబ్‌లో_లలిత
కిరణ్ గారు, ఈ ప్రశ్న మమ్మల్ని ఇంట్లో కూడా అడుగుతారు, అందుకే వివరంగా రాస్తా. నేను మంచినీటి కోపిపాడ్ల మీద రీసెర్చ్ చేస్తున్నా, ఉండేది సీతాఫల్‌మండి.

కొరియా, జపాన్‌లలో పెంచే సీ స్క్విర్ట్ హాలోసింథియా రోరెట్జీ. దానికి పైతొడుగు మెత్తబడి చిరిగిపోయి చచ్చిపోయే రోగం వచ్చి పెంపకందార్లు బాగా దెబ్బతిన్నారు. కారణం కోపిపాడ్ కాదు, కొరడా లాంటి తోకతో ఈదే ఏకకణ కశాభ జీవి, అజుమియోబోడో హోయముషి అని 2012లో పేరు పెట్టారు. ఇప్పుడు ఆలోచించండి, చచ్చిన సీ స్క్విర్ట్‌ని కోస్తే లోపల కోపిపాడ్ కళ్లకి కనపడుతుంది, ఆ కశాభ జీవి కనపడదు. కోపిపాడ్ల గురించి ముందే తెలియకపోతే ఎవరిని దోషి అనేవాళ్లు?

రెండోది, సీ స్క్విర్ట్లు ఓడల అడుగున అంటుకుని సముద్రాలు దాటతాయి. ఒక రేవులో లేని జాతి పదేళ్లకి అక్కడ గుట్టలుగా కనపడిన సందర్భాలు ఎన్నో. అతిథేయి వస్తే లోపలున్నది కూడా వస్తుంది. ఇక్కడ మొదట్నుంచీ ఏం ఉన్నాయో రాసిపెట్టి లేకపోతే కొత్తగా వచ్చింది ఏదో ఎలా చెప్తాం? విశాఖ రేవు, చెన్నై రేవు ఎన్ని ఓడలు చూస్తాయి.

ఇంకా ఎంత మిగిలుందో కూడా చెప్తా. కోపిపాడ్లలో ఇప్పటిదాకా పేరు పెట్టినవి 11,000 దాటాయి. ఆర్థర్ హ్యూమ్స్ అనే ఆయన ఒక్కడే దాదాపు 700 జాతులు వర్ణించాడు, ఎక్కువగా పగడాల మీదా, వెన్నెముక లేని జీవుల మీదా ఉండేవి. ఆయన 1994లో లెక్కవేసి మొత్తం జాతులు సుమారు 75,000 ఉండొచ్చన్నాడు. సీ స్క్విర్ట్లే 3000 జాతుల దాకా ఉన్నాయి, వాటిలో కోసి లోపల చూసినవి ఎన్ని?

కొత్త జాతి అని అనడం ఎంత పనో కూడా తెలియాలి. కోపిపాడ్‌ని లాక్టిక్ యాసిడ్ చుక్కలో వేస్తే ఒళ్లు తేటపడుతుంది. సన్నటి సూదులతో ఒక్కొక్క కాలూ, ఒక్కొక్క నోటి భాగమూ విడదీసి విడిగా మౌంట్ చేయాలి. నాలుగు జతల ఈతకాళ్లు, ఒక్కో కాలికి బయటి కొమ్మ, లోపలి కొమ్మ, ఒక్కో కొమ్మకి మామూలుగా మూడు ఖండాలు, ఒక్కో ఖండం మీద ఎన్ని ముళ్లు, ఎన్ని రోమాలు. ముళ్లకి రోమన్ అంకెలు, రోమాలకి మామూలు అంకెలు, అలా ఒక ఫార్ములా వస్తుంది. దాన్ని దగ్గరి జాతులన్నిటి ఫార్ములాతో పోల్చాలి, వాటిలో కొన్ని 1800లలో ఫ్రెంచిలో, జర్మన్‌లో, లాటిన్‌లో రాసినవి. కెమెరా లూసిడాతో, అంటే మైక్రోస్కోప్‌లో కనపడేదాన్ని కాగితం మీద చూపించే పరికరంతో, బొమ్మ గీస్తున్నప్పుడు ఒక రోమం ఎక్కడ మొదలైందో చూడ్డానికే ఫోకస్ చక్రం అటూ ఇటూ తిప్పుతూ కూర్చోవాలి. డీఎన్ఏ ఉంది కదా అంటారు, ఉంది, కానీ ఫార్మలిన్‌లో ఉన్న పాత స్పెసిమెన్ల నుంచి అది తీయడం చాలా కష్టం, చివరికి కళ్లూ చేతులే.

మనవాళ్లకి ఇది కొత్త కాదు. నాగార్జున యూనివర్సిటీలో వై. రంగారెడ్డి గారు కృష్ణా గోదావరి ప్రాంతాల భూగర్భ జలాల్లోంచి, బోరు నీళ్లలోంచి ఎన్ని కోపిపాడ్లకి పేర్లు పెట్టారో చూడండి. సముద్రం అక్కర్లేదు, పెద్ద ఓడ అక్కర్లేదు. ఓపిగ్గా కూర్చునేవాళ్లు కావాలి, వాళ్లే తగ్గిపోతున్నారు. నాకు బాధగా ఉండేది అదే.

ఎల్బీనగర్_కిరణ్
లలిత గారు థాంక్యూ, ఆ రోగం ఉదాహరణతో మొత్తం అర్థమైంది. మా పాప ఏడో క్లాసు, తనకి చదివి వినిపిస్తా.

తార్నాక_శ్రీను
అప్‌డేట్. మా డిపార్ట్‌మెంట్‌లో సార్‌ని అడిగి పాత హెర్డ్మానియా సీసా ఒకటి దింపించా. యూజీసీ డిసెక్షన్లు ఆపమన్నాక ఎవరూ ముట్టుకోలేదట, మూత తిరగడానికే చాలా సేపు పట్టింది. సూరి గారు చేసినట్టు పైతొడుగు కోసి గ్రసని పరిచి, ప్లేట్లో నీళ్లు పోసి మెల్లగా కడిగా. ఆ కడిగిన నీళ్లు పారబోయకుండా సన్నటి ప్లాంక్టన్ బట్టలో వడగట్టి, మిగిలింది పెట్రి డిష్‌లో వేసి నల్ల కాగితం మీద పెట్టి చూశా. మొదటి మూడు స్పెసిమెన్లలో మట్టి, జిగురు ముక్కలు, ఒక పురుగు ముక్క. నాలుగో దాంట్లో దొరికింది!!

తెల్లగా పాలిపోయి ఉంది, ఎర్ర కన్ను రంగు పోయింది, కానీ వీపు ఉబ్బుగా ఉంది, సూదితో కొంచెం తిప్పితే లోపల గుండ్రటి గుడ్లు లెక్కపెట్టగలిగేలా కనపడ్డాయి. తోక చివర రెండు చీలికలు. కొక్కెం మాత్రం ఒక వైపే కనపడింది. సార్‌ని పిలిచి చూపిస్తే ఆయన కుర్చీ లాక్కుని కూర్చుండిపోయారు. ఇన్నేళ్లు బ్యాచ్‌కి బ్యాచ్ ఆ సీసా చూసి హెర్డ్మానియా బొమ్మ వేసి పోయారు కదా.

లలిత గారు, ఇది కొత్త జాతి అయ్యే అవకాశం ఉందా?

ల్యాబ్‌లో_లలిత
శ్రీనూ చాలా చాలా సంతోషం, ముందు దాన్ని 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చు, చిన్న వయల్‌లో విడిగా. డిష్‌లో ఆరనివ్వకు.

కొత్తదా అంటే, ఇప్పుడే ఏమీ అనకు, ఎవరితోనూ అనకు. నేను అడిగేది ఒకటే, ఆ సీసా మీద లేబుల్ ఏమని ఉంది?

తార్నాక_శ్రీను
హెర్డ్మానియా అని మాత్రమే ఉందండీ. ఊరు లేదు, తేదీ లేదు. సార్ చెప్పింది ఏంటంటే ఎవరో సప్లయర్ దగ్గర కొన్నారట, వాళ్లు ఎక్కడ పట్టారో రాయరట.

ల్యాబ్‌లో_లలిత
అదే నా భయం. ఎన్ని కాలేజీల్లో ఎన్ని వందల సీసాలు ఇలాగే ఉన్నాయి. జంతువుని పట్టడానికి మనిషి సముద్రంలోకి దిగాడు, సీసా కొన్నారు, ఫార్మలిన్ పోశారు, ఇన్ని చేసి ఒక్క లైను రాయలేదు. పారిస్ సీసాల్లోంచి వందకు పైగా కొత్త జాతులు వచ్చాయంటే లోపల కోపిపాడ్ ఉండటం ఒక్కటే కారణం కాదు, ఏ తీరం, ఎంత లోతు, ఏ సంవత్సరం, ఏ అతిథేయి అన్నది కాగితం మీద ఉంది. కొత్త జాతికి హోలోటైప్, అంటే ఆ పేరుకి ఆధారంగా పెట్టిన ఒక్క స్పెసిమెన్, ఎక్కడ దొరికిందో చెప్పలేకపోతే దాన్ని మళ్లీ వెతుక్కుంటూ ఎవరూ పోలేరు, ఆడది దొరికితే మగదాన్ని వెతకడానికి కూడా పోలేరు, ఈ గుంపులో చాలా జాతులకి మగది ఇంకా తెలియదు.

నీ స్పెసిమెన్ వృథా అని చెప్పట్లేదు. దాన్ని కోసి కాళ్లు చూడు, ఫార్ములా రాయి, ప్రజాతి దాకా గుర్తుపట్టు, చెయ్యి అలవాటు అవుతుంది. సెమినార్‌కి అది చాలు, చాలా ఎక్కువ కూడా. కానీ పేరు పెట్టాలంటే తాజాగా, చోటు తెలిసి పట్టింది కావాలి.

వైజాగ్_సూరి
నేనున్నా కదా. వచ్చే నెల ఇంటికి పోతున్నా. హార్బర్ లోపలికి పర్మిషన్ లేకుండా పోనివ్వరు, కానీ బయట రాళ్ల దగ్గర ఆటు టైముకి దిగితే సీ స్క్విర్ట్లు దొరుకుతాయి. శ్రీను తమ్ముడు కూడా వస్తానంటే మా ఇంట్లోనే ఉండొచ్చు, గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున్నే దిగుతాడు, మా అమ్మ ఉంది, భోజనానికి ఇబ్బంది లేదు. ఎలా తేవాలో మాత్రం చెప్పండి, మొన్న నేను చూసింది కూడా పాడైపోయింది కాబట్టి ఈసారి పద్ధతిగా చేద్దాం.

కైకలూరు_బాబు
వయల్స్, ఆల్కహాల్ నేను చూస్తా, మా ల్యాబ్‌లో కొనుక్కునే చోటు తెలుసు. బిల్లు గురించి ఆలోచించొద్దు.

పాలమూరు_యాదగిరి
నేను గూడ వస్త. సముద్రం సూడక ఎన్నేండ్లాయె.

కోఠి_జువాలజీ_మేడమ్
మీ అందర్నీ చూస్తుంటే కడుపు నిండింది. పట్టగానే ఆల్కహాల్‌లో వేసేయకండి, సీ స్క్విర్ట్ భయపడి ముడుచుకుపోతుంది, గొట్టాలు మూసుకుంటుంది, తర్వాత కోయడమే కష్టం. సముద్రపు నీళ్లలోనే ఉంచి పైన కొన్ని మెంథాల్ పలుకులు చల్లి మూతపెట్టి కొన్ని గంటలు వదిలేయండి, నొక్కితే కదలనప్పుడు మత్తు ఎక్కినట్టు. ఆ గిన్నెలో మిగిలిన నీళ్లు కూడా వడగట్టండి, కొన్ని కోపిపాడ్లు ఆ టైములోనే బయటికి వచ్చేస్తాయి.

ల్యాబ్‌లో_లలిత
మేడమ్ చెప్పింది చాలా ముఖ్యం. దానికి కొంచెం కలుపుతా. ఒక్కో సీ స్క్విర్ట్ ఒక్కో డబ్బాలో విడిగా, కలపొద్దు, కలిస్తే ఏది ఏ అతిథేయిదో పోతుంది. ఒకే సీ స్క్విర్ట్‌లో రెండు మూడు జాతుల కోపిపాడ్లు ఉండొచ్చు, అవి ఒక వయల్‌లో ఉన్నా పర్లేదు. సగం వాటిని 95 శాతం ఇథనాల్‌లో వేయండి, డీఎన్ఏకి. కోపిపాడ్ తీశాక సీ స్క్విర్ట్‌ని పారేయకండి, దాన్ని కూడా అదే నంబర్‌తో దాచండి, అతిథేయి జాతి గుర్తుపట్టేవాళ్లకి అది కావాలి.

వైజాగ్_సూరి
లేబుల్ డబ్బా మీద మార్కర్‌తో రాస్తే సరిపోతుందా?

ల్యాబ్‌లో_లలిత
సరిపోదు సూరి గారు, ఆల్కహాల్ తగిలితే మార్కర్ చెరిగిపోతుంది. మందపాటి కాగితం ముక్క మీద పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వేయండి. తేదీ, చోటు, ఫోన్లో వచ్చే అక్షాంశ రేఖాంశాలు, నీటి లోతు, దేని మీద అతుక్కుని ఉంది, పట్టినవాళ్ల పేరు. శ్రీను, నువ్వు వెళ్లేలోపు ఒకసారి మా ల్యాబ్‌కి రా, లాక్టిక్ యాసిడ్‌లో కాళ్లు విడదీయడం నీ హెర్డ్మానియా కోపిపాడ్ మీదే చూపిస్తా, వయల్ జేబులో పెట్టుకుని రాకు, డబ్బాలో నిలబెట్టి తీసుకురా.